నవ్వితేనే ఇల్లు

తుఫాను వచ్చిన నాటికి నా చేతిలో ఉన్నవి మూడు. రేవుపాలెం బజారులో ఒక ఫొటో సామాన్ల కొట్టు, దాని వెనక ఒక గోడౌను, ఆ గోడౌను నిండా ఎవరూ కొనని చిన్న డిజిటల్ కెమెరాలు. నాలుగోది, మంచి పేరు కూడా ఉండేది. కానీ దాన్ని నిల్వ సరుకులో చూపించకూడదు. అమ్ముడుపోయే దాకా దాని ధర తెలియదు.

సబ్బుపెట్టె అంత కెమెరాలవి. పెళ్ళిళ్ళకు పెద్ద కెమెరా కావాలంటారు, తిరుపతి వెళ్ళేవాళ్ళు ఫోనులో తీసుకుంటామంటారు. మధ్యలో సబ్బుపెట్టె ఎవరికి? ఆశపడి తెచ్చిన సరుకు గోడౌనులో పడుకుంటే అది సరుకు కాదు, ఇంటికి వచ్చి తిరిగి వెళ్ళని చుట్టం.

తుఫానుకు చెరువుగట్టు పేట మొత్తం నేలమట్టమైంది. నా కొట్టు ఎదురుగా పెసరట్ల బండి పెట్టుకునే నూకరత్నం ఇల్లు కూడా పోయింది. తాటాకు కప్పు ఎటు ఎగిరిపోయిందో తెలియదు, మట్టిగోడలు కరిగిపోయాయి. ఇంటి నడుమ నిలబెట్టిన నిట్రాడు ఒక్కటి నిలిచింది. దానికి మేకు కొట్టి తగిలించిన దిష్టిబొమ్మ కూడా మిగిలింది. రేకు మీద రంగులతో వేసిన ముఖం. గుడ్లురిమే కళ్ళు, కోరమీసాలు, వేలాడే నాలుక, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా పళ్ళు.

"చూశారాండీ శెట్టిగారూ," అంది నూకరత్నం, ఆ బొమ్మను చంకలో పెట్టుకుని వచ్చి. "ఇల్లు పోయింది గానండీ, దిష్టి మాత్రం తగల్లేదండి."

తల దాచుకోవడానికి గోడౌనులో చోటిస్తారా అని అడిగింది. నాలుగు రోజులేగా అనుకుని సరేనన్నాను. ఆమె వచ్చింది, ఆమె వెనక రెండు మేకలు, ఒక కోళ్ళగంప, పిండి రుబ్బే గ్రైండరు వచ్చాయి. దిష్టిబొమ్మను నా కెమెరా పెట్టెల మీద ఆనించింది. మేకలు మొదటిరోజే కెమెరాలతో వచ్చే సూచనల పుస్తకాలు రుచి చూశాయి. పన్నెండు భాషల్లో అచ్చయిన పుస్తకాలవి. మేకలకు అన్నీ ఒకేలా నచ్చాయి.

అంతలో ప్రభుత్వం, ఇళ్ళు పోయినవారికి ఇళ్ళు కట్టించి ఇస్తామంది. అందుకోసం మా ఊళ్ళో ఒక కొత్త ఆఫీసు వెలిసింది. తుఫాను నష్టగృహ ఛాయాచిత్ర ధ్రువీకరణ విభాగం. పేరు బోర్డు మీద పట్టక గోడ మీదికి కూడా పాకించి రాశారు. కూలిన ప్రతి ఇంటికీ ఫొటో తీయాలి, ఫొటో ఉంటేనే ఇల్లు. ఫొటోలకు కెమెరాలు కావాలి. కెమెరాలు నా దగ్గర ఉన్నాయి.

కొటేషన్లు అడిగారు. పక్క ఊరి వర్తకుడు "కెమెరా, మంచిది" అని రాసి ఊరుకున్నాడు. నేను అట్టపెట్టె మీద ఉన్నదంతా రాశాను. ముఖాన్ని గుర్తుపట్టే సదుపాయం. ఎదుటివారు నవ్వగానే తనంతట తానే ఫొటో తీసే సదుపాయం. మంచుకు, సముద్రతీరానికి, విందుకు, బాణసంచాకు, పెంపుడు జంతువులకు, భోజన పదార్థాలకు వేరువేరు మోడ్‌లు. వీటితో పాటు ఫొటోలను తనే విడదీసి సర్దిపెట్టే సాఫ్ట్‌వేరు సీడీ ఉచితం. పేజీ ముందు వైపు నిండి వెనక్కి తిరిగింది. వెనక్కి తిరిగిన కొటేషను ఓడిపోవడం నేను ఎన్నడూ చూడలేదు. ఆర్డరు నాకే వచ్చింది.

గోడౌను సగం ఖాళీ అయింది. మిగతా సగంలో నూకరత్నం ఉంది. ఆమెకు ఇల్లు మంజూరైతే అదీ ఖాళీ అవుతుంది. కొత్తగా ఫోన్ కవర్ల ఏజెన్సీ మాట్లాడి పెట్టుకున్నాను, సరుకు దించడానికి చోటు కావాలి. అందుచేత ఆమె ఇంటి మీద ఆమెకు ఎంత ఆశ ఉందో నాకూ దాదాపు అంతే ఉంది. ధర్మమూ వ్యాపారమూ ఒకే దారిలో నడవడం అరుదు. నడిచినప్పుడు బండి కట్టుకోవాలి.

ఆ విభాగానికి అధిపతి ముక్కామల చిదంబరరావుగారు. తుమ్మినా మూడు ప్రతులు తీయించే మనిషి. ఆయన మీదికి ఒక ఆడిటరు వచ్చిపడ్డాడు. "ఇన్ని సదుపాయాలకు ప్రభుత్వం వెల చెల్లించింది. మీరు వాడేది ఒక్క బటను. మిగతావన్నీ దుబారా కింద రాస్తాను," అన్నాడు.

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. నోటీసు బోర్డు మీద నేనే చదివాను.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ప్రజాధనముతో కొనుగోలు చేయబడిన కెమెరా మెనూయందలి సకల సదుపాయములు సర్వవేళలా ఆన్ స్థితియందు ఉండవలెను. ఏ సదుపాయమునైనను ఆఫ్ చేయుట ప్రభుత్వ ఆస్తికి నష్టము కలిగించుటగా పరిగణింపబడును."

ఎవరూ ఆఫ్ చేయకుండా ప్రతి కెమెరా మెనూ బటను మీదా లక్క పోసి సీలు వేశారు. ఏ మోడ్ ఎంత వాడారో నెలనెలా పట్టిక పంపాలన్నారు. మంచు మోడ్ వాడకం చూపించడానికి ఇద్దరు ఉద్యోగులు ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళి గడ్డల పక్కన నవ్వుతూ ఫొటోలు దిగారు. బాణసంచా మోడ్ కోసం దీపావళి దాకా గడువు అడిగారు. కూలిన ఇంటికి నిలువు ఫొటోనా, అడ్డ ఫొటోనా అన్న సందేహం వచ్చినప్పుడు చిదంబరరావుగారే తీర్చారు. "గోడ నిలబడి ఉంటే నిలువు. పడుకుని ఉంటే అడ్డం."

సీడీ దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. సాఫ్ట్‌వేరు ఎక్కించబోతే మొదటి తెర మీదే, షరతులు మీకు సమ్మతమేనా అని అడిగింది. ప్రభుత్వం తరఫున సమ్మతి తెలిపే అధికారం ఎవరికుంది? ఫైలు పైకి వెళ్ళింది, కిందికి వచ్చింది, ఎవరూ వేలు పెట్టలేదు. చివరికి ఆఫీసు ఊడ్చే అప్పలకొండ చేత నొక్కించారు. చట్టం ప్రకారం ఆ సాఫ్ట్‌వేరు ఇవాళ్టికీ అప్పలకొండదే.

నూకరత్నం ఇంటికి ఫొటో తీయడానికి సర్వేయరు ప్రభాకరం వచ్చాడు. నేనూ వెళ్ళాను. నా గోడౌను సంగతి కదా.

మట్టిదిబ్బ ముందు నిట్రాడు పక్కన ఆమెను నిలబెట్టాడు. కెమెరా ఎత్తాడు. ఆగాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు.

"ఏమైందయ్యా?" అన్నాను.

"తీయడం లేదండి. నవ్వు సదుపాయం ఆన్‌లో ఉంది కదా, నవ్వితేగాని తీయదు. అమ్మా, కాస్త నవ్వండి."

నూకరత్నం నా వంక చూసింది. "ఎందుకు నవ్వాలండీ?"

"ఫొటో కోసం."

"ఇల్లు పడిపోయిందని చూపించడానికే గదండీ ఫొటో?"

"ఔను. అందుకే నవ్వమంటున్నాను."

ఆమె పెదవులు కాస్త సాగదీసింది. కెమెరా కదలలేదు. ఇంకాస్త సాగదీసింది.

"అలా కాదు, పళ్ళు కనిపించాలి. మనసు విప్పి నవ్వండి."

"ఆయ్, మనసు విప్పుతానండి. విప్పితే ఏడుపే వస్తది మరి."

పేట జనం చుట్టూ చేరారు. నవ్వించడానికి ఒకడు కోతిచేష్టలు చేశాడు, ఇంకొకడు పిట్టకథ చెప్పాడు. ఆమె తన కూలిన ఇంటి ముందు నిలబడి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, ఇరవై మందిలో పళ్ళు బయటపెట్టడానికి తంటాలు పడుతోంది. కోతిచేష్టలు చేసినవాడు ముందు ఆగిపోయాడు. తర్వాత ఒక్కొక్కళ్ళే ముఖాలు అటు తిప్పుకున్నారు. నేను చెప్పులో దూరిన రాయి తీసుకున్నాను. రాయి లేదు.

"ఇటు తే ప్రభాకరం. మెనూలోకి వెళ్ళి రెండు నొక్కులు నొక్కితే అది ఆగిపోతుంది," అన్నాను.

అతను కెమెరాను గుండెకు హత్తుకున్నాడు. "సీలు ఉందండి! సీలు పగిలితే నా ఉద్యోగం ఈ ఇంటి పక్కనే పడిపోతుంది."

ఆ కంగారులో వెనక్కి అడుగు వేసి, బురదగుంటలో నడుము దాకా దిగబడ్డాడు. కెమెరా మాత్రం రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. అది చూసి నూకరత్నానికి నవ్వు ఆగలేదు. పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. కెమెరా టక్కుమంది. మొత్తానికి పని అయిందని అనుకున్నాం.

వారానికి కాగితం వచ్చింది. దరఖాస్తు తిరస్కరించారు. కారణం తెలుసుకుందామని ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను.

చిదంబరరావుగారు కంప్యూటరు తెర మా వైపు తిప్పారు. సాఫ్ట్‌వేరు ఫొటోలను తనంతట తాను విడదీసి సర్దింది. నూకరత్నం ఫొటో 'ఆనంద క్షణాలు' అన్న ఆల్బంలో ఉంది. దాని చుట్టూ పూలతీగ అంచు కూడా వేసింది. అదీ ఒక సదుపాయమే, అదీ ఆన్‌లోనే ఉంది.

"చూడండి. దరఖాస్తుదారు పరమానందభరిత స్థితిలో ఉన్నట్టు సాంకేతికంగా రుజువవుతోంది. గృహము కోల్పోయిన వ్యక్తి ఇట్లు నవ్వునా? నష్టము జరగలేదని భావించవలసి వస్తుంది."

"నవ్వమని మీవాళ్ళే అన్నారు కదండీ," అన్నాను.

"ఫొటో నిమిత్తము నవ్వమన్నారు. సంతోషించమనలేదు."

"నవ్వకపోతే ఫొటో రాదు."

"రాదు."

"నవ్వితే నష్టం లేనట్టు."

"అంతే కదా."

"మరి ఇల్లు ఎవరికి వస్తుందండీ?"

ఆయన తెరను మళ్ళీ తన వైపు తిప్పుకున్నారు. "నిబంధనలు ఇంతవరకు స్పష్టముగా ఉన్నవి. ఆపై ప్రశ్న మా పరిధిలోనిది కాదు."

నూకరత్నం ముందుకు వచ్చింది. "బాబూ, ఆయన బురదలో పడ్డారండి. అందుకని నవ్వొచ్చింది. నా ఇల్లు పడిందని కాదండి."

"సర్వేయరు పతనము ఈ ఫైలులో లేదమ్మా."

పోనీ ఆ నవ్వు సదుపాయం ఆపించడానికి మార్గం ఏమిటని అడిగాను. సెట్టింగుల సవరణ సంఘం అని ఒకటి వేయాలట. ముగ్గురు సభ్యులు ఉండాలట. వారు మొదట కెమెరా సూచనల పుస్తకం పూర్తిగా చదివి, చదివామని సంతకం చేయాలట. "పుస్తకములు సరఫరాదారు వద్ద నుండి మాకు అందలేదు," అన్నారు, నా వంక ఓరగా చూస్తూ. నేను మేకల ప్రస్తావన తేలేదు. వర్తకుడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి, అడగనిదానికి చెబితే డిస్కౌంటు ఇచ్చినట్టే.

బయటికి వచ్చాక నూకరత్నం మెట్ల మీద కూలబడింది. "అగ్గిలో దూకమన్నా దూకుతానండి. నవ్వమంటే ఒక తప్పు, నవ్వకపోతే ఒక తప్పు. వానలు మళ్ళీ పట్టుకుంటే మీ గోడౌనులోనే ఉండిపోవాలి కామోసు."

ఆ చివరి మాట నా గుండెలో గుచ్చుకుంది.

ఆ సాయంత్రం గోడౌనులో నిల్వ చూసుకుంటున్నాను. శాంపిలుకు ఉంచుకున్న కెమెరా ఒకటి ఉంది. దాని నవ్వు సదుపాయం ఎంత మొండిదో చూద్దామని ఆన్ చేసి, అటూ ఇటూ తిప్పాను. టక్కుమంది. నేను నవ్వలేదు. మేకలు నవ్వవు. తెర మీద చూశాను. ఖాళీ పెట్టెల మీద ఆనించి ఉన్న దిష్టిబొమ్మ ముఖం చుట్టూ పసుప్పచ్చ చతురస్రం. నాలుకతో సహా ముఖాన్ని మనిషి ముఖమని నమ్మింది, పళ్ళను నవ్వని నమ్మింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ టక్కు. మనిషి దగ్గర అంత గీర పోయిన యంత్రం రేకుముక్కకు ఇట్టే లొంగిపోయింది.

"నూకరత్నం! ఈ బొమ్మ ఎంతకి కొన్నావు?"

"కొనలేదండి. పాత డబ్బారేకు మీద మా ఆయన గీసేడు, పోయేముందు ఏడాది. గృహప్రవేశం అయ్యాక తీసేద్దామనుకున్నాం. తియ్యడానికి మనసు రాలేదండి. ఎవరు చూసినా ఆయన పోలికే అంటారు."

మర్నాడు ప్రభాకరాన్ని మళ్ళీ రప్పించాను. పునఃపరిశీలన కోరుతూ దరఖాస్తు పెడితే రెండోసారి ఫొటో తీయవచ్చు. బొమ్మను నిట్రాడుకు దాని పాత మేకుకే తగిలించాం. నూకరత్నం పక్కన తలవంచుకుని నిలబడింది. ఈసారి ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఏడవాలనిపించింది కాబోలు, ఏడ్చింది. బొమ్మ నవ్వింది. కెమెరా టక్కుమంది.

ఆ ఫొటో పైకి వెళ్ళింది. యంత్రానికి కావలసిన నవ్వు ఉంది, ప్రభుత్వానికి కావలసిన దుఃఖం ఉంది. 'పరిశీలనార్హము' అని కాగితం వచ్చింది.

ఊరు ఊరంతా నా కొట్టు ముందుకు వచ్చింది. ఒక్కరోజు ఆ బొమ్మను ఇప్పించండి శెట్టిగారూ అని. ఊరికే ఇస్తే విలువ ఉండదు, అద్దె తీసుకుంటే పాపం ఉంటుంది. కాబట్టి ఒక పద్ధతి పెట్టాను. బొమ్మ కావలసినవాళ్ళు ముందు నూకరత్నం బండి దగ్గర ఒక పెసరట్టు తినాలి. ఆ నెల ఆమె రెండోసారి పిండి రుబ్బని రోజు లేదు. బొమ్మ సైకిళ్ళ మీద, ఆటోల మీద పేట అంతా తిరిగింది. ప్రతి మట్టిదిబ్బ మీదా పళ్ళికిలించింది. ప్రభాకరం దాన్ని చూసి చేతులెత్తి దణ్ణం పెట్టడం మొదలెట్టాడు.

అయితే ఆ కెమెరాల్లో నేను రాసిన ఇంకో సదుపాయం ఉంది. ముఖాన్ని గుర్తుపట్టడం.

సాఫ్ట్‌వేరు అన్ని ఫొటోలనూ సరిపోల్చి చూసుకుని, చాలా ఇళ్ళ ముందు ఒకే వ్యక్తి ఉన్నాడని తేల్చింది. ఈ వ్యక్తి పేరేమిటి అని అడిగింది. ఖాళీగా వదిలితే ముందుకు కదలదు. కంప్యూటరు ఆపరేటరు కామేశం ప్రభాకరాన్ని అడిగాడు. ప్రభాకరం దిష్టిబొమ్మ అన్నాడు. ఇంటిపేరూ, పేరూ వేరువేరు గడుల్లో నింపాలి కాబట్టి కామేశం ఇంటిపేరు దిష్టి అనీ, పేరు బొమ్మయ్య అనీ కొట్టాడు. తండ్రి పేరు దగ్గర తెలియదు అని పెట్టాడు. వయసు నలభై అని ముఖం చూసి అంచనా వేశాడు. చిరునామాకు నూకరత్నం దరఖాస్తులో ఉన్న నా గోడౌనే పెట్టాడు.

పది రోజులకు నా గోడౌను చిరునామాకు రిజిస్టరు పోస్టు వచ్చింది.

"శ్రీ దిష్టి బొమ్మయ్య గారికి. తాము చెరువుగట్టు పేటలో నూట డెబ్బయి మూడు గృహములు కలిగియుండి, అవి అన్నియు ఏకకాలమున కూలిపోయినట్లు చూపి, ప్రతి గృహము వద్ద నవ్వుచూ ఫొటో దిగినట్లు మా దృష్టికి వచ్చినది. తామే స్వయముగా హాజరై సంజాయిషీ ఇవ్వవలెను. లేనిచో తమకు సంబంధించిన దరఖాస్తులన్నియు రద్దగును."

నేను చదివి వినిపిస్తే నూకరత్నం బొమ్మ వంక చూసింది. మెల్లగా అంది, "ఆయనుండగా ఒక్క ఇల్లు కట్టడానికే నడుములు పడిపోయాయండి. ఈయన ఇన్ని ఇళ్ళు ఎప్పుడు కట్టేడండీ?"

విచారణకు బొమ్మను ఆటోలో తీసుకెళ్ళాం. స్వయంగా హాజరు కావాలన్నారు కాబట్టి మధ్యలో కూర్చోబెట్టాం. డ్రైవరు ముగ్గురి చార్జీ అడిగాడు. ఇచ్చాను. ఆ తర్వాత జరగబోయేదానికి అది మంచి శకునమని అనిపించింది.

చిదంబరరావుగారి గదిలో బొమ్మను కుర్చీలో నిలబెట్టాం. ఆయన బల్ల మీద ఆఫీసు కెమెరా ఉంది, అన్నీ ఆన్‌లోనే. అది బొమ్మను చూసి టక్కుమంది.

"తమరేనా దిష్టి బొమ్మయ్య?" అన్నారు చిదంబరరావుగారు.

టక్కు.

"అయ్యా, అది బొమ్మండి," అన్నాను. "రేకు. కావాలంటే తట్టి చూడండి."

"బొమ్మ అని కంటితో చూసి నిర్ణయించే అధికారము నాకు లేదు శెట్టిగారూ. సాఫ్ట్‌వేరు మనిషి అని నమోదు చేసినది. దానిని కాదనవలెనంటే ముందు ఆ సాఫ్ట్‌వేరు లోపభూయిష్టమని రాయాలి. అట్లు రాస్తే, లోపభూయిష్టమైన సరుకు ఎందుకు కొన్నావని నన్ను అడుగుతారు. ఎందుకు అమ్మావని మిమ్మల్ని అడుగుతారు."

నేను వెంటనే బొమ్మ వైపు తిరిగి, "బొమ్మయ్యగారూ, అయ్యగారు అడుగుతున్నారు, చెప్పండి," అన్నాను.

టక్కు.

"ఇన్ని గృహములు తమవేనా?"

బొమ్మ నవ్వుతూనే ఉంది. కామేశం రాసుకున్నాడు. "ప్రశ్నకు మౌనము వహించి చిరునవ్వు నవ్వెను."

చిదంబరరావుగారు వేళ్ళు ముడుచుకుని తీర్పు చెప్పారు. "ఒక మనిషికి ఒకే ఇల్లు. ఇది నిబంధన. ఈ వ్యక్తి మొట్టమొదట కనిపించిన ఫొటో ఏదో ఆ స్థలములో ఒక ఇల్లు మంజూరు. మిగతావి రద్దు."

మొట్టమొదట కనిపించింది నూకరత్నం ఇంటి దగ్గరే. ఆమె చేతులు జోడించింది. ఆ వెంటనే చేతులు దించేసింది. "మరి మిగతావాళ్ళండీ? మా పేట అంతా పోతుంది గదండీ. వాళ్ళందరూ వానలో ఉంటే నేనొక్కదాన్నీ ఇంట్లో ఎలా పడుకునేదండీ?"

"మిగతావారికి వేరొక మనిషి కనిపించినచో పరిశీలించగలము," అన్నారాయన.

ఆ మాట నేను గట్టిగా పట్టుకున్నాను. అధికారుల మాటల్లో తొంభై పాళ్ళు ఊక ఉంటుంది, చేటలో వేసి చెరిగితే గింజ దొరుకుతుంది. ఒక ముఖానికి ఒక ఇల్లు. అంటే ఎన్ని ముఖాలుంటే అన్ని ఇళ్ళు.

రేవుపాలెంలో సినిమా బోర్డులు రాసే పని పోయి, లారీల వెనక నెమళ్ళు రాసుకుంటున్న పెయింటరు మాణిక్యం ఉన్నాడు. అతన్ని పిలిచి, ఒక్కో ఇంటికి ఒక్కో దిష్టిబొమ్మ రాయమన్నాను. ఒకదాని పోలిక ఇంకొకదానికి ఉండకూడదు.

"శెట్టిగారూ, రాక్షసులు అన్ని రకాలు ఉండరండి," అన్నాడు మాణిక్యం.

"మన ఊళ్ళో మనుషులు లేరూ? కోరలు తగిలించు."

అతను కళాకారుడు. ఒకదానికి తలపాగా పెట్టాడు, ఒకదానికి బుగ్గన గాటు, ఒకదానికి ముక్కుపుడక. కళ్ళజోడు పెట్టినదొకటి అచ్చం కామేశంలా వచ్చింది. మరొకటి చిదంబరరావుగారి పోలిక తెచ్చుకుంది. కాని దాన్ని నవ్వుతున్నట్టు రాయడం తన వల్ల కాలేదనీ, ఎప్పుడూ చూడలేదు కదా అనీ మాణిక్యం వాపోయాడు. దాన్ని పక్కన పెట్టేశాం.

మళ్ళీ ఫొటోలు తీశారు. ఈసారి సాఫ్ట్‌వేరు ప్రతి ఇంటికీ ఒక కొత్త మనిషిని పట్టింది. కామేశం దిష్టి వారి వంశం మొత్తానికి పేర్లు పెట్టాడు. దిష్టి కోరయ్య, దిష్టి నాలుకేశ్వరరావు, ముక్కుపుడక ఉన్నదానికి దిష్టి మీసాలమ్మ. ఇంత పెద్ద కుటుంబం ఒకేచోట ఇంత సంతోషంగా ఉండటం రాష్ట్రంలో మరెక్కడా లేదని పై ఆఫీసు నుంచి మెచ్చుకోలు వచ్చింది. సాంకేతికతను సంపూర్ణంగా వినియోగించినందుకు విభాగానికి షీల్డు ఇచ్చారు. షీల్డు అందుకుంటూ చిదంబరరావుగారు ఆ కెమెరాతోనే ఫొటో దిగాలి. ఆయన నవ్వలేదు, అది తీయలేదు. ప్రభాకరం పరుగున వచ్చి బొమ్మయ్యను అడిగి తీసుకెళ్ళాడు. ఇప్పటికీ ఆఫీసు గోడ మీద ఆ ఫొటో ఉంది. షీల్డు పట్టుకున్నది చిదంబరరావుగారు, మొదటి బహుమతి వచ్చినంత సంబరపడుతున్నది బొమ్మయ్య.

ఇళ్ళు లేచాయి. చిన్నవే, కాని సిమెంటు గోడలు, స్లాబు కప్పు. నూకరత్నం ఇంటి పట్టా బొమ్మయ్య పేరు మీద వచ్చింది. మూలన అతని ఫొటో, నాలుకతో సహా. నూకరత్నం పేరు 'గృహ సంరక్షకురాలు' అన్న చోట ఉంది.

గృహప్రవేశం నాడు ప్రభాకరం చివరి ఫొటో తీయడానికి వచ్చాడు. ఇల్లు అప్పగించినట్టు రుజువు కావాలి. గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి, లోపల పాలు పొంగుతున్నాయి. నూకరత్నం కొత్త చీర కట్టుకుని గడపలో నిలబడింది. తలుపు మీద బొమ్మయ్య ఉన్నాడు. గృహప్రవేశం అయ్యాక దిష్టిబొమ్మను తీసేయడం ఆచారం. ఇక్కడ ఇంటి యజమానే ఆయన, ఆయన్ని తీసేస్తే ఇల్లు ఎవరిదంటారో అని అలాగే ఉంచారు.

ప్రభాకరం కెమెరా ఎత్తాడు. నూకరత్నం గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కొంగు తీయి నూకరత్నం," అన్నాను. "ఇవాళ నవ్వవచ్చు."

"నవ్వొస్తందండీ. ఆపుకోలేకుండా వస్తంది," అంది కొంగులోంచి. భుజాలు ఊగుతున్నాయి. "కానండీ, నవ్వితే నష్టం లేదని రాసేస్తారు గదండీ. మళ్ళీ ఇల్లు పట్టుకుపోతే?"

"ఇల్లు కట్టేశారు కదా, ఇంకేం పట్టుకుపోతారు?"

"మీకు తెలీదండి శెట్టిగారూ. వాళ్ళకి తెలిస్తే పట్టుకుపోతారండి. మీ ఫొటోలేవో మీరు తీసుకోండి. మా తరఫున ఆయన నవ్వుతున్నాడు గదా."

టక్కుమంది. ఫొటోలో తలుపు మీద బొమ్మయ్య పళ్ళన్నీ బయటపెట్టి ఉన్నాడు. గడపలో ఆమె ముఖం కళ్ళ దాకా కొంగులో ఉంది. ఆ కళ్ళు చూస్తే ఎంత నవ్వుతోందో ఎవరికైనా తెలుస్తుంది. కెమెరాకు తెలియలేదు. దుఃఖితురాలు అని నమోదు చేసుకుని, ఇల్లు ఖాయం చేసింది.

ఇక లెక్క. చెరువుగట్టు పేటకు కప్పులు వచ్చాయి. చిదంబరరావుగారికి షీల్డు వచ్చింది. మాణిక్యానికి చేతినిండా పని వచ్చింది, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ముందు జాగ్రత్తగా ఇంటికొక ముఖం రాయించుకుని దాచుకుంటున్నారు. అప్పలకొండకు సాఫ్ట్‌వేరు ఉంది. నూకరత్నం పెసరట్టుకు డబ్బులు తీసుకుంటూనే ఉంది, నేనూ ఇస్తూనే ఉన్నాను. గోడౌను అద్దె నేను అడగలేదు, ఆమె ఇస్తాననలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం ఒక మేకపిల్లను వదిలి వెళ్ళింది.

అంటే కెమెరాలు పోయాయి, గోడౌను ఖాళీ అయింది, పెట్టుబడి తిరిగి వచ్చింది. నికర లాభం ఒక మేకపిల్ల. అది మూల మిగిలి ఉన్న వారంటీ కార్డులు కూడా నిన్నటితో తినేసింది కాబట్టి, ఆ కెమెరాల సంగతి నన్ను అడగడానికి ఇప్పుడు ఎవరి దగ్గరా ఏ కాగితమూ లేదు. వ్యాపారంలో లెక్క ముగియడం అంటే ఇదే.